నల్లపూసలు తీస్తేనే బల్ల అంటున్నారు. ఇది కృపా, ధర్మశాస్త్రమా?

రేపల్లె_అబ్బాయి · శనివారం, రాత్రి 10:42

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు.

మా చెల్లికి ఫిబ్రవరిలో పెళ్ళయింది. అబ్బాయిది హిందూ కుటుంబం. అతను రక్షణలోకి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు, పెళ్ళి మా సంఘంలోనే జరిగింది. ఇంటికి తీసుకెళ్ళాక అత్తగారు చెల్లి మెడలో నల్లపూసలు వేసింది. ఆవిడకి వాళ్ళ అమ్మ ఇచ్చినవట. పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకని చెల్లి వేసుకునే ఉంటోంది.

మా సంఘంలో (పేరు వద్దులెండి) నగలు పెట్టుకోరు. పోయిన నెల మొదటి ఆదివారం బల్ల (ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం). రొట్టె పళ్ళెం చెల్లి దాకా వచ్చింది, ఆగింది, పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆరాధన అయ్యాక పెద్దలు పిలిచి "అవి తీసేసి రామ్మా, అప్పుడు పాలుపొందుదువు గాని" అన్నారు. కేకలెయ్యలేదు, మెల్లగానే చెప్పారు. చెల్లి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

అంతకు ముందు వారమే అదే పాస్టర్ గారు ఎఫెసీ 2:8 మీద గంటన్నర చెప్పారు. కృపచేతనే, క్రియలవలన కాదు అని. మరి పూసలు తీయడం క్రియ కాదా? ధర్మశాస్త్రం (మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలు) కింద లేము అంటూ ఇంకో ధర్మశాస్త్రం రాసుకున్నామా మనం? గొడవకి కాదు, తెలుసుకోడానికే అడుగుతున్నా.

డల్లాస్_డేవిడ్ · శనివారం, రాత్రి 10:58

సంఘం మార్చెయ్ బ్రదర్. సింపుల్.

రేపల్లె_అబ్బాయి · శనివారం, రాత్రి 11:03

ఆ సంఘం గోడలకి మా నాన్న ఇటుకలు మోశాడన్నా. అంత సింపుల్ కాదు.

కాపరి_67 · ఆదివారం, మధ్యాహ్నం 2:15

ప్రభువు నామంలో వందనాలు తమ్ముడూ. నేను ఇరవై రెండేళ్ళుగా పరిచర్యలో ఉన్నాను. మా సంఘంలోనూ నగలు పెట్టుకోరు. కాబట్టి మీ పెద్దల పక్షాన ఒక మాట చెప్పనివ్వండి, తర్వాత అందరూ కలిసి నన్ను ఉతుకుదురు గాని.

1 తిమోతి 2:9, 1 పేతురు 3:3 మీకు తెలిసిన వాక్యాలే. అయితే బంగారం తీయించింది ఆ రెండు వాక్యాల కోసమే కాదు. మా తాతగారి రోజుల్లో సంఘంలో నలుగురైదుగురు ఆడవాళ్ళకి మెడనిండా బంగారం ఉండేది, మిగతా వాళ్ళకి పసుపుతాడే గతి. ఆరాధనలో కళ్ళన్నీ ఎటు పోతాయో వేరే చెప్పాలా? తీసేయమన్నాక మెడలన్నీ ఒకటయ్యాయి. కూతురి పెళ్ళికి అప్పు చేసి గొలుసు చేయించే బాధ కూడా కొంత తప్పింది. దీన్ని ధర్మశాస్త్రం అనండి, ఇంకేమైనా అనండి, బీదవాళ్ళకి మేలు చేసింది.

నల్లపూసల సంగతి వేరు. వాటిని నగ అని తీయమనలేదు. దిష్టి తగలకూడదని, భర్త ఆయుష్షు కోసమని వేస్తారు. ఆ నమ్మకం మెడలో ఉండగా ప్రభువు రక్తంలో పాలుపొందడం తగునా అని పెద్దలు అడిగారు. అడగడం కాపరి పనే.

కృప ఉచితం, కానీ చౌక కాదు. చౌక కృప గురించి జర్మనీలో బోన్‌హోఫర్ అనే పాస్టర్ 1937లో రాశాడు. 1945లో నాజీలు ఆయన్ని ఉరి తీశారు. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని అపొస్తలుడు పౌలే అడిగాడు కదా.

పెద్దగుడి_గంట · ఆదివారం, సాయంత్రం 5:40

పాస్టర్ గారూ, ఉతకను గానీ ఒకటి అడుగుతా. మీరు చెప్పిన పేతురు వాక్యం ఇంకోసారి చదవండి: "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయు." బంగారం కన్నా ముందు జడ ఉంది. మీ సంఘంలో జడ వేసుకోని ఆడపిల్ల ఒక్కతి చూపించండి. మూడోది కూడా అక్షరాలా పట్టుకుంటే ఎక్కడికి పోతామో నేను రాయను.

మాది గుంటూరు. 1842లో మిషనరీ హయ్యర్ అయ్యగారు వచ్చినప్పటి నుంచి లూథరన్లం. మాకు చిన్నప్పుడు బట్టీ పట్టించిన చిన్న ప్రశ్నోత్తరిలో (జర్మనీ సంస్కర్త లూథర్ 1529లో రాసింది) మొదటి భాగమే పది ఆజ్ఞలు. కృప పేరు చెప్పుకునే మనిషి పుస్తకం ఆజ్ఞలతో ఎందుకు మొదలుపెట్టాడు? మా సండే స్కూల్ టీచరమ్మ చెప్పేది: ధర్మశాస్త్రం అద్దంరా, మొహం మీద మసి చూపిస్తుంది, అద్దంతో మొహం కడుక్కోలేవు అని. లూథర్ స్నేహితుడు ఆగ్రికోలా 1537లో "క్రైస్తవుడికి ఇక ధర్మశాస్త్రం బోధించక్కర్లేదు" అని మొదలెడితే లూథరే అతనితో తగువు పెట్టుకున్నాడు. కాబట్టి రూల్ కనపడగానే "ధర్మశాస్త్రం, ధర్మశాస్త్రం" అని అరవడం లూథరన్ పద్ధతి కాదు.

నల్లపూసలకి పనికొచ్చేది వేరే ఉంది. దేవుడు ఆజ్ఞాపించనివి, నిషేధించనివి కొన్ని ఉంటాయి. అంగీలు, పండగ రోజులు, తిండి లాంటివి. 1577లో లూథరన్లు రాసుకున్న ఒప్పుదల పత్రంలో పదో అంశం వీటి గురించే. ఇలాంటివి సంఘం పెట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే శత్రువు బలవంతంగా రుద్దితే మాత్రం లొంగకూడదు అన్నారు. బలవంతం రాగానే అది చిన్న విషయం కాకుండా పోతుంది.

ఇది పౌలు దగ్గర నేర్చుకున్నదే. తన శిష్యుడు తిమోతికి పౌలు తానే యూదుల ఆచారమైన సున్నతి చేయించాడు (అపొ. కార్య. 16:3). ఇంకో శిష్యుడు తీతు విషయంలో ససేమిరా అన్నాడు (గలతీ 2:3). కత్తి అదే, సున్నతి అదే. ఒకచోట యూదుల మధ్య పనికి అడ్డు రాకూడదని ఇష్టపడి చేశాడు. రెండోచోట "ఇది లేకపోతే నువ్వు మాలో ఒకడివి కాదు" అన్నారు.

చెల్లెమ్మ పూసలకి ఈ కొలబద్ద పెట్టి చూడండి. అత్తగారి కోసం వేసుకుంటే అది తిమోతి. బల్ల కోసం తీయమంటే అది తీతు.

ఏడవదినం · ఆదివారం, రాత్రి 8:20

కాపరి గారికి వినయంగా ఒక ప్రశ్న. ధర్మశాస్త్రం కింద లేము అంటారు. సబ్బాతు (శనివారం విశ్రాంతి దినం) సంగతి ఎత్తితే అది సిలువకి కొట్టేయబడింది అంటారు. మరి దశమభాగం దగ్గరికి వచ్చేసరికి మలాకీ 3:10 ఎలా బతికొచ్చింది? నాలుగో ఆజ్ఞ పోయి పదో వంతు మిగిలిందా?

మేం శనివారం ఆరాధిస్తాం. రక్షణ సంపాదించుకోడానికి కాదు, ప్రభువు "కొట్టివేయుటకు నేను రాలేదు" అన్నాడు గనుక (మత్తయి 5:17). దేవుడు తన ప్రజల్ని ఐగుప్తు నుంచి విడిపించిన తర్వాతే పది ఆజ్ఞలు ఇచ్చాడు. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. వరస మారనంత వరకు ధర్మశాస్త్రానికీ కృపకీ తగువు లేదు.

కాపరి_67 · ఆదివారం, రాత్రి 9:05

మలాకీ దెబ్బ గట్టిగానే తగిలింది బ్రదర్. 😊 నేను ఇప్పుడు 2 కొరింథీ 9:7 మీదే చెబుతాను, "సణుగుకొనకయు బలవంతముగా కాకయు". కానుకలు తగ్గాయి, అది కూడా ఒప్పుకుంటాను.

గ్రీకు_పిచ్చి · ఆదివారం, రాత్రి 11:31

పెద్దగుడి గారు గలతీ 2 దాకా వచ్చి రెండడుగుల ముందు ఆగిపోయారు. అసలు సంగతి తీతు తర్వాత ఉంది, 11వ వచనం నుంచి. కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

"ధర్మశాస్త్రక్రియల వల్ల ఎవడూ నీతిమంతుడుగా తీర్చబడడు" అన్న మాటను పౌలు ఏ సందర్భంలో అన్నాడు? మనం అనుకునేది: ఒక మనిషి రాత్రిళ్ళు నిద్రపట్టక, నా పాపాలు ఎలా పోతాయి, ఎన్ని పుణ్యాలు చేస్తే దేవుడు ఒప్పుకుంటాడు అని కుమిలిపోతుంటే వచ్చిన జవాబు అని. ఆ కుమిలిపోయిన మనిషి లూథర్. పౌలుకి ఆ మాట అంతియొకయలో అన్నం దగ్గర వచ్చింది. యూదుడైన పేతురు యూదేతరులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు వచ్చారు. పేతురు మెల్లగా "వెనుకతీసి వేరై పోయెను". ఎవర్నీ తిట్టలేదు, సంఘంలోంచి వెలి వెయ్యలేదు. లేచి వేరే చోట కూర్చున్నాడు, అంతే. పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఆ నిలదీతలోంచే 2:16 పుట్టింది. విశ్వాసం, క్రియలు అనే పెద్ద మాటలన్నీ ఒక పంక్తి గొడవలోంచి వచ్చినవి.

1977లో ఇ.పి. శాండర్స్ అనే పండితుడు ఆనాటి యూదుల రాతలన్నీ తిరగేసి, వాళ్ళెవరూ పుణ్యం కూడబెట్టుకుని దేవుణ్ణి కొనుక్కోవాలని అనుకోలేదు అని చూపించాడు. దేవుడు కృపతో ఎన్నుకున్నాడు, ఆ నిబంధనలో నిలబడి ఉండడానికి ధర్మశాస్త్రం. పైన ఏడవదినం గారు చెప్పింది ఇంచుమించు అదే. అందరూ శాండర్స్‌తో ఏకీభవించరు, నేనూ పూర్తిగా కాదు. కానీ యూదులంటే పుణ్యం లెక్కలు వేసుకునే వాళ్ళని మన పుల్పిట్ల మీద చెప్పే కథ మాత్రం ఆ తర్వాత నిలబడదు.

ఇంకో ముక్క. మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన చుట్టల్లో ఒక ఉత్తరం ఉంది, 1994లో పూర్తిగా అచ్చయింది. అందులో "ధర్మశాస్త్ర క్రియలు" అన్న మాట అచ్చంగా కనిపిస్తుంది. ఏమిటా క్రియలు? దానధర్మాలు కాదు. మైల, మడి, ఎవరు గుళ్ళోకి రావచ్చు, ఎవరిని పెళ్ళాడవచ్చు లాంటివి. ఒకటి వినండి: పైనున్న గిన్నెలోంచి కింద మైలపడిన గిన్నెలోకి నీళ్ళు ధారగా పోస్తే, ఆ మైల ధార వెంట పైకి ఎక్కి పై గిన్నెని కూడా అంటుకుంటుందా? అంటుకుంటుంది అంటారు వీళ్ళు. దీని మీద వాదన!

గుండ్లకమ్మ · సోమవారం, ఉదయం 6:12

ధార వెంట మైల పైకి ఎక్కుతుందా అని వాదించుకున్నారా? రాత్రి అది చదివి పడుకోలేదు నేను.

మా తాత చెప్పేవాడు. పెద్దిళ్ళ గుమ్మం ముందు వంగి, దోసిలి పడితే, పైనుంచి ఎత్తి పోసేవాళ్ళు. చెంబు తగలకుండా. ధార మధ్యలో తెగితే మళ్ళీ పట్టాలి. మాకు తెలియని క్రియలు కాదివి. మేం ఆ దోసిలి వైపు వాళ్ళం.

మాది ఒంగోలు దగ్గర. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా తాత తాత అందులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు, రాత కాగితం ఏమీ లేదు. అప్పటికి ధాతు కరువు ముగుస్తోంది. కరువు నడిచినన్నాళ్ళూ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలి ఇప్పించాడు, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. గింజల కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. కృప గురించి మాట్లాడేవాళ్ళు ఈ ఆపడం గురించి కాస్త ఆలోచించండి. అన్నం పెట్టాడు, బల్ల వాయిదా వేశాడు. మంచో చెడో నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను చెప్పాలనుకున్నది మూడు రూల్స్ సంగతి. మావాళ్ళలో తొలినాళ్ళలో నమ్ముకున్న ఎర్రగుంట్ల పేరయ్య రోజుల నుంచి మాదిగ పల్లెల్లో కొత్తగా నమ్ముకున్నవాళ్ళకి మూడే చెప్పేవాళ్ళు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. అంతే. చదువు రానివాళ్ళకి వేళ్ళ మీద లెక్కపెట్టుకునే ధర్మశాస్త్రం.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 15 తియ్యండి. యెరూషలేము సభ యూదేతరుల మీద పెట్టిన భారం ఏమిటి? విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినది, జారత్వం. మూడొంతులు తిండే. మా మూడు రూల్స్‌కి దీనికి చుట్టరికం కనిపిస్తోందా?

ద్వితీయోపదేశకాండం 14:21 కూడా చూడండి. చచ్చినదాన్ని మీరు తినకూడదు, నీ ఇంట ఉండే పరదేశికి ఇయ్యవచ్చు అని ఉంటుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ వచనం నేనే పైకి చదివాను. ఆ పరదేశి ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కాబట్టి గ్రీకు గారూ, రూలన్నదల్లా గోడ అంటే నేనొప్పుకోను. చచ్చిన గొడ్డుని ఈడ్చడం, తినడం మా మీద ఊరు పెట్టిన రూలు. తినొద్దు అన్నది ఆ రూలుని తెంపిన రూలు. జాతరకి డప్పు కొట్టం అన్నందుకు, గొడ్డు ఈడ్వం అన్నందుకు కొట్టించుకున్నారు మావాళ్ళు. అప్పుడు "కృప ఉందిగా, రూల్స్ ఎందుకు" అని ఎవరైనా అని ఉంటే నవ్వేవాళ్ళు. మాకు మొదటిసారి "మేం చెయ్యం" అనే హక్కు ఇచ్చింది ఆ రూల్సే.

అయితే వందేళ్ళకి ఏమైంది? తినొద్దు అన్నది, తినేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవద్దు అయింది. పక్క పేటలో బాప్తిస్మం తీసుకోని మా సొంత చుట్టాల్ని "అన్యులు" అన్నాం. దోసిలి పట్టినవాళ్ళమే చెంబు ఎత్తి పోశాం. తమ్ముడూ, మీ చెల్లి దాకా వచ్చి పక్కకి పోయిన పళ్ళెం నాకు ఆ చెంబులాగే కనిపించింది. మీ పెద్దలు చెడ్డవాళ్ళని కాదు. మావాళ్ళూ కాదు.

పెద్దగుడి_గంట · సోమవారం, ఉదయం 7:50

అన్నా, నిన్న నేను రాసిందంతా తీసేసి మీది ఒక్కటే ఉంచొచ్చు.

జపమాల · సోమవారం, ఉదయం 11:20

ఫిరంగిపురం నుంచి ఒక కథోలిక గొంతు. తోసేయకండి. 🙂

మా దగ్గర పెళ్ళిలో తాళిని ఫాదర్ గారే ఆశీర్వదించి చేతికిస్తారు. కాబట్టి నల్లపూసలు మాకు సమస్యే కాదు. అదలా ఉంచండి. "కథోలికులు క్రియల వల్ల రక్షణ అంటారు" అని మీ సంఘాల్లో చెప్పడం నేను చెవులారా విన్నాను. 1547లో మా కథోలికుల ట్రెంటు మహాసభ ఈ విషయం మీద తీర్మానాలు రాసినప్పుడు మొట్టమొదటి తీర్మానమే, కృప లేకుండా తన సొంత క్రియలతో మనిషి నీతిమంతుడవుతాడని ఎవడన్నా అంటే వాడు శాపగ్రస్తుడని. తొమ్మిదోది (విశ్వాసం ఒక్కటే చాలన్న మాట మీద) లూథర్ వైపు దూసుకెళ్ళింది, అది నిజమే. కానీ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ కలిసి ఈ విషయం మీదే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులూ కలిశారు. ఈ వార్త మన ఊళ్ళకి ఇంకా బస్సెక్కినట్టు లేదు.

నాకు దీనికన్నా సరదా అయినది తెలుగు మాట. నీతిమంతుడుగా "తీర్చబడుట". అసలు తగువేమిటి? దేవుడు మనిషిని నీతిమంతుడని కోర్టులో జడ్జిలా ప్రకటిస్తాడు అని ప్రొటెస్టెంట్లు. కాదు, లోపలి నుంచి నీతిమంతుడిగా మారుస్తాడు అని మేము. నాలుగు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. మన "తీర్చు" చూడండి. తీర్పు తీర్చడం కోర్టు మాట. తీర్చిదిద్దడం కుంచె పట్టినవాడి మాట. అప్పు తీర్చడం, ఆకలి తీర్చడం కూడా అందులోనే. మన బైబిలు తర్జుమా చేసినవాళ్ళకి కోర్టు ఒక్కటే మనసులో ఉండి ఉంటుంది, భాష వాళ్ళకన్నా ఎక్కువ పలికింది.

మీరు కృప అంటారు, మేము వరప్రసాదం అంటాం. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని రోజూ జపిస్తాం. మా అమ్మమ్మకి ప్రసాదం అంటే చేతిలో పెట్టేది, తినేది. దేవుడి దయ ఆవిడకి నాలుక మీద తెలిసేది.

గ్రీకు_పిచ్చి · సోమవారం, మధ్యాహ్నం 1:02

"తీర్చు" నాకు ఇన్నేళ్ళుగా తట్టలేదండీ, దండం.

బదులుగా మీకొకటి. రోమా 3:28లో లూథర్ జర్మన్‌లో "మాత్రమే" అనే మాట చేర్చాడని ఆ రోజుల్లో పెద్ద గోల. గ్రీకులో ఆ మాట లేదు. 1530లో దాని మీద సమర్థనగా ఒక బహిరంగ లేఖే రాయాల్సొచ్చింది ఆయన. మన తెలుగులో? "విశ్వాసమువలననే". ఒక్క "నే". ఎవరూ గోల పెట్టలేదు. "మాత్రము" అన్న మాట నిజంగా వచ్చేది యాకోబు 2:24లో, అక్కడేమో "విశ్వాసమూలమున మాత్రముకాక" అని! లూథర్‌కి యాకోబు పత్రిక అంటే ఎందుకు పడేది కాదో అర్థమవుతుంది.

మెదక్_పోరడు · సోమవారం, రాత్రి 9:44

అన్నలు అక్కలు మస్తు జెప్పిన్రు. నాదొక్క మాట.

మేం మెదక్ గుడి కిందోళ్ళం, ముందుగాల వెస్లియన్లం. మా సంఘం మొదలువెట్టిన వెస్లీ గూడ 1738 మే 24 నాడు లండన్‌ల లూథర్ రాసిన రోమా ముందుమాట చదువుతుంటె ఇని గుండె వెచ్చబడ్డదని రాసుకున్నడు. గానీ ఆయన మల్ల మనుషుల్ని చిన్న చిన్న గుంపులు జేసి, వారం వారం నువ్వేం జేసినవ్ అని అడిగించిండు. కృప అన్నోడే హాజరు పట్టీ పెట్టిండు.

మా దిక్కు మీ బాధ ఉల్టా ఉంటది. బల్ల కాడ ఎవ్వల్నీ ఏం అడుగరు. పూసలుంటె ఏంది, ముక్కుపుల్ల ఉంటె ఏంది. మంచిదే. గానీ తమ్ముని భూమి గుంజుకున్నోడు ముందు వరుసల మోకాళ్ళూని రొట్టె తీస్కుంటడు, పక్కకే ఆ తమ్ముడు. అడుగుడు లేదు. కృప గద! పూసలు జూసెటోళ్ళు భూమి జూస్తలేరు, భూమి జూడాల్సినోళ్ళు ఏమీ జూస్తలేరు. కాపరి సార్ జెప్పిన చౌక కృప గిదే అని నాకనిపిస్తది.

తిరునామం · సోమవారం, రాత్రి 10:30

నేను క్రైస్తవుణ్ణి కాదు, శ్రీవైష్ణవుణ్ణి. ఊరికే చదువుతూ ఆగలేక రాస్తున్నా. మాలోనూ ఈ తగువుంది. కోతిపిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా కరచుకుంటుంది, అది మర్కట కిశోర న్యాయం. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే నోట కరచుకుపోతుంది, అది మార్జాల కిశోర న్యాయం. మా రెండు శాఖల్లో వడగలై వాళ్ళు కోతి, తెంగలై వాళ్ళు పిల్లి. నామం దిద్దే తీరులో కూడా తేడా.

చెప్పొచ్చేదేమిటంటే, అంతా భగవంతుడి దయే అనే పిల్లి వాళ్ళు కూడా, ఏ నామం పెట్టాలి అన్న దగ్గర కోర్టుకెక్కారు. దయ మీద కాదండీ, నొసటి మీద. మీకు మెడ మీద వచ్చింది.

డల్లాస్_డేవిడ్ · సోమవారం, రాత్రి 11:15

ఇక్కడ మా తెలుగు ఫెలోషిప్‌లో బల్ల తర్వాత బిర్యానీ. ఎవరు ఏ కులమో బిర్యానీ టేబుల్ దగ్గర తెలిసిపోతుంది, ఎవరి గుంపు వారిది. మొదటి రోజు తేలిగ్గా చెప్పేశాను, సారీ తమ్ముడూ. మారిన సంఘంలో కూడా బల్లలుంటాయి.

తెనాలి_బండి · మంగళవారం, ఉదయం 8:35

చేబ్రోలు దారిలో కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ కొన్ని కుటుంబాలు బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు. ఒకప్పుడు బాప్టిస్టులు, మాదిగ కుటుంబాలే. ఇప్పుడు యూదు మతం పాటిస్తున్నారు. 1990ల నుంచి చిన్న సినగోగు (యూదుల ప్రార్థన మందిరం) ఉంది. సబ్బాతు, సున్నతి, పస్కా అన్నీ. గలతీ పత్రిక తిరగేసి నడిచినట్టు కదా! కృప దగ్గర నుంచి ధర్మశాస్త్రం దగ్గరికి ఎవరైనా ఎందుకు వెళ్తారు అనుకునేవాణ్ణి. గుండ్లకమ్మ గారి పోస్టు చదివాక కొంచెం తెలిసినట్టుంది. ఒకరు పెట్టిన రూలుకీ, తన పూర్వీకులదని తానే ఎత్తుకున్న రూలుకీ బరువు ఒకటి కాదేమో.

నిర్వాహకుడు · మంగళవారం, ఉదయం 9:00

ఎక్కువ మంది చదువుతున్నారు కాబట్టి ముందే చెబుతున్నా: కులం పేరుతో వచ్చిన రెండు కామెంట్లు తీసేశాను. ఇంకోటి వస్తే ఖాతా ఉండదు. మిగతా వాళ్ళు కానివ్వండి.

కాపరి_67 · మంగళవారం, మధ్యాహ్నం 3:27

రెండు రోజులు ఏమీ రాయలేదు, చదువుతున్నాను.

1 కొరింథీ 11 మీద బల్ల ముందు ప్రతి నెలా హెచ్చరిక చేస్తాను. "అయోగ్యముగా" తిని తాగేవాడు అని. నిన్న రాత్రి ఆ అధ్యాయం 17వ వచనం నుంచి చదివాను. మామూలుగా 23 నుంచి మొదలుపెడతాం. కొరింథులో జరిగిన అయోగ్యం ఏమిటి? ఉన్నవాళ్ళు ముందొచ్చి తినేశారు, లేనివాళ్ళు ఆకలితో నిలబడ్డారు. "పేదలను సిగ్గుపరచుదురా" అని పౌలు అడుగుతున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ వాక్యం చూపించి నేను వెతికింది మెడలూ చేతులూ.

అలా అని మొత్తం ఒప్పుకోవడం లేదు. సంఘానికి క్రమం ఉండాలి. మెదక్ తమ్ముడు చెప్పినది చూస్తే క్రమం లేకపోతే ఏమవుతుందో తెలుస్తోంది. నల్లపూసల వెనక ఉన్న దిష్టి భయం గురించి ఆ అమ్మాయితో మాట్లాడాలి, అది వదలకూడదు. కానీ ముందు మాట్లాడాలి, తర్వాత మాట్లాడాలి. పళ్ళెం చేతిలో ఉన్నప్పుడు కాదు. నేనూ రెండుసార్లు పళ్ళెం జరిపాను. ఒకావిడ తర్వాత నగ తీసి వచ్చింది. రెండో ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ ఇల్లు నాకు తెలుసు.

రేపల్లె_అబ్బాయి · మంగళవారం, రాత్రి 10:10

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

ఇవాళ చెల్లి వాళ్ళింటికి వెళ్ళా. సంగతి అత్తగారికి తెలిసిపోయిందట, మా అల్లుడు (చెల్లి భర్త) చెప్పాడు. ఆవిడకి బల్ల అంటే ఏమిటో సరిగ్గా తెలీదు. "నా పూసల మూలాన అక్కడ నీకు అన్నం పెట్టలేదా?" అని అడిగిందట. అడిగి, "దేవుడి దగ్గర పేచీ ఎందుకమ్మా, తీసి బీరువాలో పెట్టుకో, నేనేమీ అనుకోను" అంది. నా ముందు కూడా అదే చెప్పింది.

ఇప్పుడు తీయనంటున్నది చెల్లి. మీరంతా రాసింది ఫోన్‌లో చూపించా. తిమోతి, తీతు దగ్గర కాసేపు ఆగింది. దిష్టీ గిష్టీ తను ఎప్పుడూ నమ్మలేదట. "అత్తమ్మ తీయమంది కాబట్టి ఆవిడ కోసం తీసేదాన్నే. ఇప్పుడు తీస్తే పళ్ళెం కోసం తీసినట్టు అవుతుంది" అంది. నాకు సమాధానం దొరకలేదు. అల్లుడు మాత్రం మీ అన్నాచెల్లెళ్ళతో పెట్టుకోలేం అని నవ్వాడు.

వచ్చే ఆదివారం బల్ల. తను వెళ్తుందట, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంటుందట. మా అమ్మ, ఈసారి నేను దాని పక్కన కూర్చుంటా, పళ్ళెం దాన్ని దాటితే నన్నూ దాటనీ అంది. మా అమ్మ ఈ సంఘంలో ఎదురు మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

గుండ్లకమ్మ · మంగళవారం, రాత్రి 10:31

అమ్మగారికి నా వందనాలు చెప్పండి తమ్ముడూ.

కాపరి_67 · మంగళవారం, రాత్రి 10:48

సంఘం పేరు నేను అడగను. మీ పెద్దల్లో ఎవరైనా ఇంకో కాపరితో మాట్లాడతానంటే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. రేపల్లె నాకు గంటన్నర దారి, శనివారం ఖాళీనే.

రేపల్లె_అబ్బాయి · మంగళవారం, రాత్రి 11:02

పెట్టానండి. చూడండి.